లోడున్న పికప్ కింద జాకీ ఎందుకు ఒరిగింది: వెనక టైరు మార్చిన ఒక కేసు

బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. ఫోర్ బై ఫోర్, ఆటోమేటిక్ గేర్లు, వెనక ఒక్కో వైపు ఒక్కో చక్రం, కమాన్ పట్టీల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) మీద కూర్చున్న గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). ఖాళీ బరువు 3,200 కేజీలు. తొట్టిలో ఇనుప పైపులు, పనిముట్ల పెట్టెలు కలిపి ఇంకో 900. మొత్తం 4,100 కేజీల్లో వెనక యాక్సిల్ మీద 2,250 పడుతోంది. అంటే ఒక్కో వెనక చక్రం మోస్తున్నది సుమారు 1,125 కేజీలు. టైరు కొలత ఎల్‌టీ 275/70 ఆర్ 18, చక్రాన్ని బిగించే స్టడ్లు (మర బోల్టులు) ఎనిమిది. రోడ్డు అంచు వైపున్న వెనక టైరు పక్క గోడ అరచేతి పొడవున చీలిపోయింది. గాలి పూర్తిగా పోయి రిమ్ము రబ్బరు మీదే కూర్చుంది.

బండి ఆగిన చోటు కంకర పరిచిన రోడ్డు అంచు. చూడ్డానికి గట్టిగా ఉంది, అంచుకు వెళ్లేకొద్దీ మెత్తన. రోడ్డు ముందుకు మూడు శాతం దిగువకు ఉంది, అంచు బయటికి ఇంకొంచెం వాలి ఉంది. బండితో వచ్చిన బాటిల్ జాకీ 4 టన్నులది. మూసి ఉన్నప్పుడు ఎత్తు 24 సెం.మీ., హైడ్రాలిక్‌గా లేచేది 13, పైనున్న మర తిప్పితే వచ్చేది ఇంకో 7.

మొదటి ప్రయత్నంలో ఆ జాకీని కంకర మీద నేరుగా పెట్టి, ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద ఆనించి పంపు కొట్టారు. పైనున్న మర పూర్తిగా బయటికి తీశారు, హైడ్రాలిక్ కూడా చివరిదాకా లేపారు. టైరు ఇంకా నేలను తాకుతూనే ఉంది. అప్పుడే బండి నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు జరిగింది, జాకీ పక్కకు ఒరిగింది. ఎవరూ బండి కింద లేరు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇలాంటప్పుడు అందరూ మొదట అనేమాట జాకీ సరిపోలేదని. టన్నుల లెక్కలో మాత్రం జాకీకి ఏ లోటూ లేదు. సరిపోనివి మూడు: ఎత్తు, నేల, చక్రాల బిగింపు. మూడూ పంపు కొట్టకముందే తేల్చుకోవలసినవి.

ఒరిగిన జాకీని దించడం

టైరు సంగతి తర్వాత. ఒరిగిన జాకీ మీద నిలబడ్డ బండిని ముందు నేలకు దించాలి. చాలామంది ఇక్కడ చేసే పని జాకీని చేత్తో పట్టి నిలువుగా తిప్పబోవడం, లేదా సుత్తితో అడుగుభాగాన్ని కొట్టడం. టన్నుకు పైగా బరువు కింద ఉన్న ఇనుము అలా సర్దుకోదు. జారితే ఒక్కసారిగా, ఏదో ఒక వైపుకు ఎగురుతుంది.

మొదట బండిలోని వాళ్లను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టారు. ఆ తర్వాత రెండు ముందు చక్రాలకూ దిగువ వైపు అడ్డు దిమ్మలు పెట్టారు. దిమ్మను టైరుకు తాకేలా పెడితే చాలదు, టైరు కిందికి దూరేలా సుత్తితో రెండు దెబ్బలు వెయ్యాలి. ఎగువ వైపు కూడా ఒక్కో దిమ్మ. తర్వాత ఛాసిస్ కింద, జాకీకి ముందు వైపు, చెక్క దిమ్మలను అడ్డంగా నిలువుగా పేర్చి పైన రెండు వేళ్ల ఖాళీ మిగిల్చారు. జాకీ తప్పుకున్నా బండి పడేది ఆ రెండు వేళ్ల మేరకే. పేర్చేటప్పుడు దిమ్మను కర్రతో లోపలికి తోశారు, ఎవరి చెయ్యీ ఛాసిస్ కిందికి పోలేదు.

వాల్వు తిప్పడానికి జాకీ పొడుగు హ్యాండిల్ వాడారు. నిలబడాల్సిన చోటు జాకీ ఒరిగిన వైపు కాదు, దానికి సూటిగా ఎదురుగానూ కాదు. పావు చుట్టుకన్నా తక్కువ తిప్పితే చాలు, నూనె సన్నగా వెనక్కి పోతుంది, బండి మెల్లగా దిగుతుంది. వాల్వు ఒక్కసారి పూర్తిగా తెరిస్తే కమాన్లు ఊగి బండి మొత్తం అదురుతుంది. ఒరిగిన జాకీ జారడానికి ఆ అదురు సరిపోతుంది.

బండి ఎందుకు జరిగింది

గేరు 'పి' (పార్క్)లో ఉంది, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంది. అయినా జరిగింది. కారణం డిఫరెన్షియల్‌లో, అంటే షాఫ్టు తిప్పుడును వెనక రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెలో ఉంది.

ఆటోమేటిక్ బండిని 'పి'లో పెడితే గేరుబాక్సు లోపల ఒక కొక్కెం వచ్చి బయటికి వెళ్లే షాఫ్టును పట్టేస్తుంది. షాఫ్టు ఆగింది కాబట్టి వెనక చక్రాలూ ఆగాయని అనుకుంటాం. మామూలు డిఫరెన్షియల్‌లో షాఫ్టు కదలకపోయినా ఒక చక్రం ముందుకు తిరిగితే రెండోది అంతే మేర వెనక్కి తిరగగలదు. రెండు చక్రాలూ నేలను పట్టుకుని ఉన్నంతసేపు ఆ పని జరగదు. ఒకటి గాల్లోకి లేచినా, లేవబోతూ దాని మీద బరువు పోయినా, నేల మీదున్న రెండో చక్రాన్ని 'పి' ఆపలేదు. అది ముందుకు దొర్లుతుంది, బరువు లేనిది ఎదురు తిరుగుతుంది. హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర కాకుండా గేరుబాక్సు నుంచి యాక్సిల్‌కు వెళ్లే ప్రాపెల్లర్ షాఫ్టు మీద పనిచేసే బళ్లకూ ఇదే గతి.

ఈ బండిలో హ్యాండ్ బ్రేక్ వెనక డ్రమ్ముల మీదే ఉంది. అది సరిగా పట్టి ఉంటే నేల మీదున్న చక్రం ఆగేది. కేబుల్ సాగి వదులైంది, లివర్ చివరిదాకా లాగినా డ్రమ్ము సగమే పట్టింది. 4,100 కేజీల బండిని మూడు శాతం వాలు 123 కేజీల బలంతో ముందుకు లాగుతుంది. సగం పట్టు దానికి ఆగలేదు.

నాలుగు చక్రాల నడకలోకి మార్చి ఉంటే కథ వేరేలా ఉండేది. ఇలాంటి బండిని లో రేంజిలో (ఫోర్ బై ఫోర్‌లో వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే గేరు) పెట్టి 'పి' వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ కలిసి బిగుసుకుంటాయి. రెండు ముందు చక్రాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి వాటి డిఫరెన్షియల్ తప్పించుకోలేదు. ముందు హబ్బులు (చక్రాలు బిగించే నడి భాగాలు) చేత్తో తిప్పి కలిపే రకమైతే వాటిని కూడా 'లాక్' మీద పెట్టాలి, లేకపోతే షాఫ్టు బిగిసినా చక్రం వదులుగానే ఉంటుంది. సాధారణ గేర్ల బండి అయితే ఫస్ట్ గేరులోగానీ రివర్సులోగానీ వదలాలి. ఇవన్నీ చేసినా అడ్డు దిమ్మలు మానకూడదు. యంత్రం లోపల ఏది దేన్ని పట్టుకుందో బయటికి కనబడదు, దిమ్మ మాత్రం కళ్లెదుట ఉంటుంది.

దిమ్మ ఎత్తు టైరు వ్యాసంలో నాలుగో వంతు దాకా ఉంటే నమ్మకం. ఈ టైరు వ్యాసం 84 సెం.మీ., కాబట్టి 20 సెం.మీ. ఎత్తున్న దిమ్మ. దారిపక్క దొరికే గుండ్రాయి దొర్లిపోతుంది. ఇటుక పిండి అవుతుంది.

ఎత్తు లెక్క

ఈ కేసులో అసలు పీటముడి ఇదే. చాలా చోట్ల టైరు మార్పిడి చెడేది కూడా ఇక్కడే, ఎందుకంటే జాకీ మీద టన్నులు రాసి ఉంటాయి కాబట్టి వాటిని చూస్తారు, సెంటీమీటర్లు ఎవరూ కొలవరు.

గాలి నిండి బరువు మోస్తున్నప్పుడు ఈ టైరు మీద యాక్సిల్ నడిబిందువు నేలకు 39 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. గాలి పోయి రిమ్ము రబ్బరు మీద కూర్చుంటే అది సుమారు 28కి దిగుతుంది. కొత్త టైరు ఎక్కించాలంటే, దాని మీద ఇంకా బరువు పడదు కాబట్టి అది గుండ్రంగా 42 సెం.మీ. వ్యాసార్ధంతో ఉంటుంది. పైన 2 సెం.మీ. ఖాళీ కావాలి. అంటే చక్రం దగ్గర 28 నుంచి 44కి, 16 సెం.మీ. లేపాలి. చీలిన టైరు ఊడటానికి కావలసిన ఎత్తు వేరు, నిండు టైరు దూరడానికి కావలసిన ఎత్తు వేరు. పాతది తీశాక కొత్తది పట్టక, చక్రం లేని బండిని మళ్లీ లేపాల్సి రావడం ఈ తేడా మరిచిపోవడం వల్లే.

జాకీ పెట్టేది చక్రం కింద కాదు, లోపలగా కమాన్ దగ్గర. అవతలి చక్రం నుంచి ఈ చక్రానికి 1.75 మీటర్లుంటే జాకీ చోటుకు 1.4 మీటర్లు. అంటే చక్రం 16 సెం.మీ. లేవాలంటే జాకీ 13 లేస్తే చాలు. అదే నిష్పత్తిలో జాకీ మీద బరువు పెరుగుతుంది: 1,125 కేజీల చక్రానికి జాకీ మోసేది 1,400. నాలుగు టన్నుల జాకీకి ఇది హాయిగా ఉండే బరువు. రెండు టన్నుల దానికి అంకెల్లో సరిపోతుందిగానీ వాలు నేలా, లోడు సర్దుకోవడం కలిస్తే మిగులు ఏమీ ఉండదు.

ఇప్పుడు ఖాళీ చూద్దాం. గాలి లేని స్థితిలో, జాకీ పెట్టాల్సిన చోట యాక్సిల్ గొట్టం అడుగు నేలకు 25 సెం.మీ. ఉండాలి. రిమ్ము కంకరలో కూరుకుపోవడంతో 23 మాత్రమే మిగిలింది. జాకీ 24. దూరలేదు. అందుకే మొదటి ప్రయత్నంలో ఎత్తుగా కనబడ్డ ఛాసిస్ కిందికి వెళ్లారు.

ఛాసిస్ దగ్గర లేపితే మొదట లేచేది చక్రం కాదు. బరువు తగ్గుతున్నకొద్దీ కమాన్ పట్టీలు విచ్చుకుంటాయి, ఛాసిస్ పైకి పోతుంది, యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. లోడుతో ఒంగి ఉన్న కమాన్ విచ్చుకోవడానికే పది సెంటీమీటర్లకు పైగా పడుతుంది. ఆ తర్వాత గానీ చక్రం కదలదు. జాకీ 20 సెంటీమీటర్లలో సగానికి పైగా కమానే తినేసింది. పైగా మర పూర్తిగా బయటికి తీసిన జాకీ సన్నగా పొడుగ్గా నిలబడుతుంది. అడుగున కొంచెం ఒరిగినా తల దగ్గర ఆ ఒరుగుడు పెద్దదవుతుంది. బండి తొట్టి కూడా పక్కకు వాలి, లోడు బయటి వైపు మోపు వేస్తుంది. గట్టి యాక్సిల్ ఉన్న బండికి టైరు మార్చేటప్పుడు యాక్సిల్ కిందే లేపాలనడానికి కారణం ఇది. ముందు భాగంలో చక్రాలు విడివిడిగా ఊగే రకం బండి అయితే మాన్యువల్‌లో చూపిన బిందువే దిక్కు. స్టీరింగ్ రాడ్ల కింద ఎప్పుడూ పెట్టకూడదు.

యాక్సిల్ కిందైనా అంతా ఒకటి కాదు. డిఫరెన్షియల్ హౌసింగ్ వెనక మూత పలుచని రేకు, అక్కడ ఆనిస్తే సొట్టపడి నూనె కారుతుంది. గొట్టం మీద బ్రేకు పైపు పాకి ఉంటుంది, షాక్ అబ్జార్బర్ బ్రాకెట్ ఉంటుంది. వాటిని తప్పించి, కమాన్ పట్టీని బిగించిన యూ బోల్టుల పక్కన లోపలి వైపు గొట్టం ఖాళీగా ఉన్న చోటు చూసుకోవాలి.

పలక ఎక్కించడం

చిక్కు విప్పింది ఒక చెక్క పలక. 7.5 సెం.మీ. మందం, టైరుకన్నా వెడల్పు, ముప్పావు మీటరు పొడవు, ఎక్కే అంచు ఏటవాలుగా చెక్కినది. అడ్డు దిమ్మలు తీసి, గాలి లేని టైరు ముందు ఆ పలక పెట్టి, బండిని అర మీటరు నెమ్మదిగా ముందుకు నడిపించి చక్రాన్ని దాని మీదికి ఎక్కించారు. ఆ టైరు ఎలాగూ చచ్చింది, అర మీటరుతో కొత్తగా పోయేదేమీ లేదు. రిమ్ముకు గీత పడితే పడనివ్వండి. బండి కదులుతుండగా పలకకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. రిమ్ము అంచు తగిలితే పలక వెనక్కి తన్నుతుంది.

నిజానికి ముందుకు ఇంకో వంద మీటర్లలో చదునైన గట్టి నేల ఉండి ఉంటే నడక వేగంతో అక్కడికి వెళ్లడమే మేలు. ఇక్కడ అలాంటి చోటు లేదు. చీలిక అంచు వైపే ఉండటం ఒక్కటి కలిసొచ్చింది, పని చేసే మనిషి వాహనాల వైపు వీపు పెట్టాల్సిన అవసరం రాలేదు. హెచ్చరిక త్రికోణాన్ని వెనక 50 మీటర్లకు పైగా పెట్టి, ఇండికేటర్లు వేసి ఉంచారు.

పలక మీదికి ఎక్కాక జాకీ చోట గొట్టం అడుగు 31 సెం.మీ.కి వచ్చింది. కావలసిన ఆఖరి ఎత్తు 38. లేపాల్సింది 7 సెం.మీ. మాత్రమే. పలక లేకుండా లేపి ఉంటే 25 నుంచి 38కి, జాకీ హైడ్రాలిక్ మొత్తం 13 ఖర్చయ్యేది, నేల ఒక్క సెంటీమీటరు కుంగినా అందేది కాదు.

వెనక జంట చక్రాలున్న పికప్ అయితే ఇదే పలకతో ఇంకో సౌకర్యం ఉంది. బయటి టైరు పోతే లోపలి మంచి టైరును పలక మీదికి ఎక్కిస్తే బయటిది దానంతట అదే నేల విడుస్తుంది.

నేల

జాకీ అడుగు 12 సెం.మీ. ఇంటూ 11. అంటే 132 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 1,400 కేజీలు పెడితే చదరపు సెంటీమీటరుకు 10 కేజీలకు పైగా. మెత్తటి తడి మట్టి ఒక కేజీకే కుంగడం మొదలుపెట్టొచ్చు. వదులు కంకర కుంగదుగానీ పక్కకు దొర్లుకుంటుంది, అదీ ఒకే వైపు. మొదటిసారి జాకీ అడుగు ఒక మూల 3 సెం.మీ. దిగింది ఇలాగే. ఎండకు మెత్తబడ్డ తారు కూడా నమ్మదగ్గ నేల కాదు, లేపిన బండిని మోసే స్టాండు కాళ్లు అందులో నెమ్మదిగా దిగుతాయి.

రెండోసారి పైపొర కంకరను పారతో గీకి గట్టి నేల తేలేదాకా చదును చేశారు. ఆ మీద 40 సెం.మీ. చదరపు ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒక్కోటి 18 మి.మీ., చెక్క నార రేఖలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా పెట్టారు. ప్లైవుడ్ ఒక్కటే వేస్తే చిన్న అడుగు కింద మధ్యలో ఒంగుతుంది, అంచులు పని చెయ్యవు. అందుకని పైన 20 సెం.మీ. చదరపు, 8 మి.మీ. మందం ఇనుప రేకు. ఇప్పుడు బరువు పరచుకునేది 1,600 చదరపు సెంటీమీటర్ల మీద, సగటున కేజీ లోపే. మామూలు చెక్క ముక్క ఒక్కటే వాడితే రేఖ వెంట నిలువునా చీలుతుంది, లేపుతుండగా ఆ శబ్దం వినబడితే అక్కడితో ఆపాలి.

చక్రాలున్న ట్రాలీ జాకీ గ్యారేజీలో మంచిదే. కంకర మీద అది పనికిరాదు. దాని చెయ్యి లేచేటప్పుడు జాకీ ముందుకు దొర్లాలి. చక్రాలు కంకరలో ఇరుక్కుంటే జాకీ బదులు బండి లాగబడుతుంది, లేదా తల గొట్టం మీద జారుతుంది. వాడక తప్పకపోతే కింద పెద్ద ప్లైవుడ్ షీటు పరవాలి.

జాకీ పంపు కొట్టకముందు

స్టెప్నీ తొట్టి కింద కేబుల్‌కు వేలాడుతోంది. దాన్ని దించడం జాకీ వెయ్యకముందే అయిపోవాలి. లేపిన బండి కిందికి పాకి టైరు లాగడం కన్నా చెడ్డ పద్ధతి లేదు. బంపరు రంధ్రం గుండా రాడ్డు దూర్చి తిప్పి దించి, గాలి కొలిస్తే 45 పీఎస్‌ఐ ఉంది. ఈ టైరు నిండు గాలి 80 పీఎస్‌ఐ దగ్గర 1,650 కేజీలు మోస్తుంది. 45 దగ్గర ఆ శక్తి దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోతుంది, అంటే ఉన్న లోడుకు సరిగ్గా అంచున. అలా నడిపితే పక్క గోడలు వేడెక్కి రెండో టైరూ పోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్‌తో అప్పుడే గాలి ఎక్కించడం మొదలుపెట్టి, అది నిండేలోపు మిగతా పనులు చేశారు.

ముందు చక్రాలకు దిమ్మలు మళ్లీ రెండు వైపులా దిగ్గొట్టారు. లో రేంజి, 'పి', హ్యాండ్ బ్రేక్, ఇంజను ఆఫ్, తాళం చెవి బయట. గాలి సంచులతో ఎత్తు తనంతట తాను సర్దుకునే సస్పెన్షన్ ఉన్న బండి అయితే దాన్నీ ఆపాలి, లేకపోతే అది సగంలో బండిని కదిలిస్తుంది. లోడు 900 కేజీల్లో చేత్తో దించగలిగిన పెట్టెలు సుమారు 250 కేజీలు కింద పెట్టారు. పైపులు కట్టి ఉన్నాయి, దొర్లవు, అందుకని వదిలేశారు. సగం నిండిన నీళ్ల ట్యాంకు లాంటిది ఉంటే మాత్రం ఖాళీ చెయ్యకుండా లేపకూడదు, ఒక వైపు ఎత్తగానే నీళ్లన్నీ రెండో వైపు పోతాయి. కింది లెక్కలన్నీ పూర్తి లోడుకే వేసినవి, దించింది మిగులు.

నట్లు వదులు చేసేది చక్రం నేల మీద ఉండగానే. మాన్యువల్ చెప్పిన బిగింపు (టార్కు) 190 న్యూటన్ మీటర్లు. 40 సెం.మీ. స్పానర్ చివర అది 48 కేజీల బలం, 60 సెం.మీ. ఇనుప బారుతో 32. తుప్పు పట్టిన నట్టు దీనికి రెట్టింపు అడుగుతుంది. ఆ బలాన్ని జాకీ మీద నిలబడ్డ బండి మీద ప్రయోగిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎనిమిదింట్లో రెండు మొండికేశాయి. స్పానర్ మీద ఎక్కి గెంతకుండా 75 సెం.మీ. బారు వేసి, చక్కగా ఆనించి, కిందికి నొక్కితే వదిలాయి. ఒక్కోటి అర చుట్టు వదులు చేసి వదిలేశారు, అంతకన్నా ఎక్కువ కాదు.

లేపడం

ప్లైవుడ్, రేకు కలిపి 4.4 సెం.మీ., జాకీ 24, మొత్తం 28.4. గొట్టం 31 దగ్గర ఉంది. మిగిలిన 2.6 సెం.మీ. పైనున్న మర తిప్పి పూడ్చారు. మరను మొదటే వాడుకోవాలి, హైడ్రాలిక్‌ను బరువు కోసం దాచుకోవాలి. గొట్టం గుండ్రన, జాకీ తల చదును, ఇనుము మీద ఇనుము జారుతుంది. వంపు ఉన్న జీను ముక్కను తల మీద తొడిగారు.

జాకీ నిలువుగా ఉందో లేదో పంపు మొదలుపెట్టకముందు ఒకసారి, బరువు పట్టగానే ఒకసారి, సగంలో ఒకసారి, ముందు నుంచీ పక్క నుంచీ చూడాలి. చక్రం లేచేకొద్దీ యాక్సిల్ అవతలి టైరు చుట్టూ వంపు తిరుగుతుంది కాబట్టి గొట్టం నిటారుగా పోదు, తల కొద్దిగా అవతలి చక్రం వైపు జరుగుతుంది. 13 సెం.మీ. లేపితే ఆ జరుగుడు రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. ఇక్కడ లేపింది 7 కాబట్టి సగమే. అందుకే జాకీ అడుగును వేలెడు లోపలికి, అవతలి చక్రం వైపు పెట్టి మొదలుపెట్టారు, పైకి వచ్చేసరికి నిలువైంది. ఒరుగుడు కంటికి తెలిసేంత ఉంటే దించి మళ్లీ పెట్టడమే, సర్దడం లేదు.

టైరు పలక విడిచాక పలకను కర్రతో లాగేశారు. 38 సెం.మీ. దగ్గర ఆపి, జాకీ పక్కన ఇంకా లోపలగా గొట్టం కింద పిన్ను రకం (రంధ్రంలో పిన్ను దూర్చి ఎత్తు నిలిపే) స్టాండు పెట్టారు, దాని కింద కూడా ప్లైవుడ్. అక్కడ అవతలి చక్రానికి దూరం 1.2 మీటర్లే కావడంతో స్టాండు మోసే బరువు 1,600 కేజీలు దాటుతుంది. స్టాండు లేబుల్ మీద రాసిన అంకె ఒక్కదానికా, జతకా అన్నది చదవాలి. జతకు 3 టన్నులంటే ఒకటి మోసేది టన్నున్నర, ఇక్కడికి చాలదు. పెద్ద 6 టన్నుల స్టాండ్లు బలమైనవే అయినా చాలావాటి అత్యల్ప ఎత్తే 38 సెం.మీ. చుట్టుపక్కల ఉంటుంది, ప్లైవుడ్ వేస్తే దూరవు. పళ్ల రాచెట్ రకంలో పన్ను సరిగా కూర్చుందో లేదో ప్రతిసారీ చూడాలి. 2020లో అమెరికాలో పన్ను తగినంత పట్టక బరువు కింద జారిపోతున్నాయని లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించారు. పిన్ను రకంలో అలాంటి అనుమానానికి చోటు లేదు.

జాకీని కొంచెం దించి బరువు స్టాండు మీదికి వచ్చాక, జాకీని తాకి తాకనట్టు మళ్లీ పైకి తెచ్చి ఉంచారు. స్టెప్నీని పడుకోబెట్టి ఛాసిస్ కిందికి సగం తోశారు. రెండూ తప్పినా బండి దాని మీద పడుతుంది, నేల మీద కాదు.

టైరు మార్చడం

నట్లు తీశాక చక్రం రాలేదు. రిమ్ము నడి రంధ్రానికీ హబ్బుకూ మధ్య తుప్పు పట్టుకుంది. ఇలాంటప్పుడు తన్నడం, రెండు చేతులా పట్టి ఊపడం మానాలి. రెండు ఎదురెదురు నట్లను నాలుగైదు చుట్లు వెనక్కి ఎక్కించి, టైరు పక్క గోడ లోపలి అంచును పెద్ద రబ్బరు సుత్తితో పైనా పక్కలా మార్చి మార్చి కొట్టారు. మూడో దెబ్బకు వదిలింది. దానికీ లొంగకపోతే ఆ నట్లు అలాగే ఉంచి, స్టాండు తీసి, చక్రాన్ని నేలకు దించాలి. బండి బరువు పడగానే తుప్పు పట్టు విడిపోతుంది.

చీలిన టైరు బయటికి రాగానే దాన్ని ఛాసిస్ కిందికి తోసి స్టెప్నీ బయటికి లాగారు. చక్రం 40 కేజీలకు పైగా ఉంటుంది. చేతులతో ఎత్తి స్టడ్ల మీద పెట్టబోతే నడుమూ పోతుంది, బండినీ కుదుపుతుంది. చక్రం కింద పార దూర్చి మీటగా నొక్కితే రెండు సెంటీమీటర్లు సునాయాసంగా లేస్తుంది. వేళ్లు టైరు పక్కల మీదే ఉండాలి, అడుగున కాదు. ఎక్కించేముందు హబ్బు ముఖం, రిమ్ము ఆనే చోటు ఇనుప బ్రష్‌తో గీకారు. అక్కడ తుప్పు పొర ఉంటే బిగించిన రోజు బిగువుగానే ఉంటుంది, నడిచాక పొర నలిగి నట్లు వదులవుతాయి. స్టడ్లకు గ్రీజు పూయలేదు. పూస్తే అదే టార్కుకు స్టడ్డు మీద లాగుడు చాలా పెరిగి స్టడ్డు సాగుతుంది.

నట్లు చేత్తో కనీసం ఐదు చుట్లు ఎక్కాక పొట్టి స్పానర్‌తో ఎదురెదురు వరసలో ఆనించారు. జాకీతో కొద్దిగా లేపి స్టాండు తీశారు, కింది టైరు బయటికి లాగారు, వాల్వు సన్నగా తెరిచి చక్రం నేలను గట్టిగా పట్టేదాకా దించారు. అప్పుడు టార్క్ రెంచ్‌తో మొదట 100, తర్వాత 190 న్యూటన్ మీటర్లు, ప్రతి నట్టు తర్వాత దాని ఎదురు నట్టు. బరువంతా దిగాక జాకీ, పలకలు, ఆఖరున దిమ్మలు. చాలామంది దిమ్మలే ముందు తీస్తారు, దగ్గరగా ఉంటాయి కాబట్టి.

80 కిలోమీటర్లు నడిచాక మళ్లీ టార్కు చూస్తే ఎనిమిదింట్లో మూడు నట్లు కొద్దిగా తిరిగాయి. స్టెప్నీ గాలి 80 దగ్గరే నిలిచింది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించారు. జాకీని టన్నున్నర బరువు కింద పది నిమిషాలు ఉంచి చూస్తే దిగలేదు, దాన్నే ఉంచారు. బండిలో కొత్తగా చేరినవి ఇవి: ఏటవాలు పలక, ప్లైవుడ్ ముక్కలు నాలుగు, ఇనుప రేకు, జీను ముక్క, 20 సెం.మీ. దిమ్మలు నాలుగు, ఒక్కటే 3 టన్నులు మోసే పిన్ను స్టాండు, 75 సెం.మీ. బారు. జాకీ డబ్బా మూత లోపల 25, 31, 38 అంకెలు పెయింటుతో రాసి ఉన్నాయి.